పొలముల గెట్లు, పటముమీది చుక్కలు

ఇటీవల రైతు చేతికి వచ్చు కాగితములలో క్రొత్త సంగతి యొకటి చేరినది. పూర్వము పట్టాలో సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు ఉండెడివి. హద్దులు చెప్పవలసివచ్చినచో తూర్పున ఫలానివారి చెలక, పడమట వాగు, ఉత్తరమున బండ్లబాట, దక్షిణమున చింతచెట్టు అని చెప్పెడివారు. నేడు పోడుభూముల సర్వేలలోను, గనుల విస్తరణకు సంబంధించిన నివేదికలలోను చెట్టు, వాగులకు మారుగా అంకెలు కానవచ్చుచున్నవి. 17 తోడను 80 తోడను మొదలై చుక్క తరువాత బారుగా సాగు నీ యంకెలను చూచి, ఇది ఆఫీసువారి భాష, మనకేల యని కాగితమును మడచి పెట్టెలో దాచుకొనువారు పెక్కుమంది గలరు. ఇకమీదట గెట్టు తగవు వచ్చిన దినమున ఆ యంకెలే ముందుగా సాక్ష్యమునకు నిలుచును. వానిని చదువుటయు, పటముమీద నుంచి చూచుకొనుటయు ప్రతి రైతు నేర్వదగిన పని. అందులకు వలసిన పరికరమును, తెలిసిన మనుష్యుని మన సహకారసంఘమే సమకూర్చవలెను. ఇది మా యభిప్రాయము. దీనికి కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మొదట అంకెల సంగతి. భూమధ్యరేఖకు ఉత్తరమున ఎంత దూరమున నున్నామో చెప్పునది అక్షాంశము. ఇంగ్లండులోని గ్రీనిచ్చికి తూర్పున ఎంత దూరమున నున్నామో చెప్పునది రేఖాంశము. కొత్తగూడెము పట్టణము సుమారు 17.55 ఉత్తర అక్షాంశమునను, 80.62 తూర్పు రేఖాంశమునను ఉన్నది. ఒక డిగ్రీ అక్షాంశ మనగా నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. కావున చుక్క తరువాత రెండంకెలు మాత్రమే వ్రాసిన యెడల కిలోమీటరు మేరకు మాత్రమే చోటు తెలియును. ఊరు దొరకును గాని చేను దొరకదు. మూడవ యంకె వ్రాసినచో 110 మీటర్ల మేరకు, నాలుగవది వ్రాసినచో 11 మీటర్ల మేరకు, అయిదవది వ్రాసినచో సుమారొక మీటరు మేరకు చోటు నిర్ణయమగును. పొలము మూల వ్రాయువారు చుక్క తరువాత అయిదంకెలకు తక్కువ వ్రాయరాదు. ఆరవది, ఏడవది వ్రాసినను తప్పులేదు గాని, చేతిఫోను చూపిన ఏడవ యంకెను నమ్ముట కట్టెలు తూచు కాటాపై బంగారము తూచుటవంటిది.

ఈ యంకెలను వ్రాయు రీతులు రెండున్నవి. పొరపాట్లలో పెక్కులు ఇచ్చటనే పుట్టును. డిగ్రీకి 60 నిమిషములు, నిమిషమునకు 60 సెకండ్లు అను పాతరీతి యొకటి; డిగ్రీని దశాంశములుగా వ్రాయు రీతి మరియొకటి. కొత్తగూడెము పాతరీతిలో 17 డిగ్రీల 33 నిమిషములు. అదియే దశాంశములలో 17.55. ఈ భేద మెరుగనివాడు 17 డిగ్రీల 33 నిమిషములను 17.33 అని కంప్యూటరులో నెక్కించినచో ఆ చుక్క దక్షిణమునకు 24 కిలోమీటర్లు జరిగిపోవును. రేఖాంశములోను అట్లే చేసినచో పడమటికి మరి 26 కిలోమీటర్లు. రెండును కలిసి ఆ చేను నైరృతి దిక్కున ఇంకొక మండలములో తేలును. రూపాయికి 16 అణాలున్న దినములలో రూపాయి ఎనిమిదణాలను 1.8 అని ఎవరును వ్రాయలేదు. ఇచ్చటను అదే జాగ్రత్త వలయును. అక్షాంశమును రేఖాంశమును తారుమారు చేయుట ఇంకను విపరీతము. అట్లు చేసినచో కొత్తగూడెము చెలక ఉత్తరధ్రువమునకు సమీపమున, నార్వేకు చెందిన స్వాల్‌బార్డు ద్వీపముల దరిని మంచుసముద్రములో పడును. ఇట్టి తప్పు చూచినంతనే తెలియును గనుక ప్రమాదము తక్కువ. పది ఇరువది మీటర్ల తప్పే కంటికి కనబడక కీడు చేయును. అందుచేత దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

మన గుంట కొలత ఎక్కడిదో పెద్దలకు తెలిసియే యుండును. 33 అడుగుల గొలుసు పొడవు, 33 అడుగుల గొలుసు వెడల్పు గల చతురస్రము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. అట్టివి నలుబది యెకరము. నైజాము కాలపు సర్వేలో ఈ గొలుసుతోనే పొలములు కొలిచి టిప్పనులు వ్రాసి నక్షాలు గీచిరి. ఇప్పుడు చేతిఫోనులోని జి.పి.యస్. సంగతి చూతము. భూమికి 20,000 కిలోమీటర్లకు పైన తిరుగు అమెరికా ఉపగ్రహములనుండి, మన దేశపు నావిక్ మొదలగువాని నుండియు వచ్చు సంకేతములను పట్టి, కనీసము నాలుగు ఉపగ్రహముల దూరములను లెక్కగట్టి ఫోను తానున్న చోటును చెప్పును. ఆకాశము తేటగా కనబడు బయలున అది సుమారు 5 మీటర్లలో తప్పవచ్చును. అయిదు మీటర్లనగా గొలుసులో సగము. ఒక్క యెకరము చతురస్రపు చేనునకు ఒక్కొక్క భుజము సుమారు 64 మీటర్లుండును. ఒక ప్రక్క గెట్టు మాత్రము 5 మీటర్లు లోపలికి పడినచో పోవునది 3 గుంటలు. కొత్తగూడెము చుట్టుప్రక్కల భూమి యేపాటి వెల పలుకుచున్నదో తెలిసినవారికి మూడు గుంటలన నేమో మేము చెప్పనక్కరలేదు.

ఇది బయలు సంగతి. టేకు, ఇప్ప, మద్ది చెట్ల క్రింద, గుట్టల ప్రక్కను, గనులనుండి తీసి పోసిన మట్టిదిబ్బల నీడను సంకేతములు అడ్డగింపబడియు, తగిలి తిరిగివచ్చియు తప్పు ఇంకను పెరుగును. పోడుభూములన్నియు ఇట్టి తావులలోనే యుండును. భూమి కొలుచు పరికరము బాగుగా పనిచేయనిచోటనే భూమిహక్కు తేలవలసిన జనమున్నారు. ఇది గ్రహింపక, ఫోను చూపిన చుక్కకు శాసనముతో సమానమైన గౌరవ మిచ్చుట అన్యాయమని మేము స్పష్టముగా చెప్పుచున్నాము.

తప్పు తగ్గించు ఉపాయము లున్నవి. మూలమీద, హద్దురాతి ప్రక్కనే నిలువవలెను. ఎండ కోర్వలేక దాపున నున్న చెట్టునీడ నిలిచి నొక్కిన చుక్క చెట్టునీడ చుక్కయే యగును గాని మూల చుక్క గాదు. నిలిచినంతనే నొక్కక రెండు మూడు నిమిషములు ఆగవలెను. అప్పటికి అంకెలు కుదురుకొనును. ఎన్ని మీటర్ల తప్పుండవచ్చునో ఫోనే చూపును, దానినిగూడ వ్రాసికొనవలెను. అదే మూలను మరియొక దినమున, మరియొక వేళ తిరిగి కొలిచి రెండింటిని సరిపోల్చవలెను. ఇంతకంటె నిశ్చయమైన కొలత కావలసినచో సర్వేవారు వాడు రోవరు అను యంత్రమున్నది. స్థిరముగా నొకచోట నిలిపిన స్థావరముతో మాటాడుకొనుచు తప్పును దిద్దుకొని, అంగుళము రెండంగుళముల లోపుగా అది చోటు చెప్పగలదు. భారత సర్వేశాఖవారు ఇట్టి స్థావరములను దేశమంతట నెలకొల్పినారు. ఒక రైతు కొనదగిన యంత్రము గాదు. సంఘము కొనుటయో, అద్దెకు తెచ్చుటయో తగినది.

చుక్కలు చేతికి వచ్చిన తరువాత వానిని పటమున నుంచుట మరియొక పని. ఇందులో మూడు మెలకువలు చాలును. చుక్కలను చేను చుట్టు తిరిగిన వరుసలోనే ఎక్కింపవలెను. ఈశాన్యమూల తరువాత నైరృతిమూల వ్రాసినచో గీతలు ఒకదానినొకటి దాటి చేను డమరుకము ఆకారమున నగపడును, విస్తీర్ణము తప్పుగా వచ్చును. నాలుగు మూలలు మాత్రమే చాలునను భ్రమ రెండవది. ముర్రేడు వాగు వంటి వాగు ఒడ్డున నున్న చేనునకు వంకర వంకరకు ఒక చుక్క పెట్టవలెను. లేనియెడల వంపులోని నేల గీత కవతల పడిపోవును. మూడవది, పటము క్రింద కనబడు ఉపగ్రహచిత్రమును గూర్చినది. ఆ చిత్రమే కొన్ని మీటర్లు, గుట్టలున్నచోట ఇంకను ఎక్కువ, ప్రక్కకు జరిగి యుండవచ్చును. సరియైన చుక్కయే పొరుగువాని మిరపతోటలో పడినట్లు అగపడవచ్చును. అందుచేత చిత్రమును చూచి పొరుగువానితో కయ్యమునకు దిగరాదు. ఊరిలో నందరెరిగిన బావియో, కల్వర్టు మూలయో చుక్కగా తీసికొని, అది చిత్రములో నెంత జరిగి పడుచున్నదో ముందు చూచుకొనవలెను. ఇవన్నియు చేయుటకు వెల చెల్లింపనక్కరలేని కంప్యూటరు సాధనము లున్నవి. మన దేశపు అంతరిక్షసంస్థవారి భువన్ పటములు 2009 నుండి అందరికి అందుబాటులో నున్నవి. పటములు గీచుటపై పూర్వమున్న నిర్బంధములను కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో సడలించినది. కావున రైతు తన చేను పటమును తాను గీచుకొనుట నేరమేమోయను భయము ఎవరికిని వలదు.

ఇచ్చట పాత పటముల కథ కొంత చెప్పక తీరదు. 1802లో మద్రాసున లాంబ్టన్ దొర ఆరంభించిన గొప్ప త్రికోణ సర్వే నైజాము రాజ్యము మీదుగా ఉత్తరమునకు సాగినది. ఆ పనిలో చేరిన జార్జి ఎవరెస్టు దొర కృష్ణా గోదావరుల నడుమ నున్న అడవులలో కొలతలు కొలుచుచు జ్వరముపాలై, 1820లో ఆరోగ్యమునకై ఆఫ్రికా దక్షిణకొననున్న కేపునకు పోవలసివచ్చినది. హిమాలయ శిఖరమునకు ఈయన పేరే పెట్టిరి. ఆ శిఖరమెక్కినవాడు గాడు గాని మన దిక్కు అడవుల జ్వరమునకు మాత్రము గురియైనవాడు. 1830లో ఆయన కట్టిన భూగోళపు లెక్కయే మన దేశపు పాత పటములకు ఆధారము. జి.పి.యస్. వాడు లెక్క వేరు, అది 1984 నాటిది. ఈ రెండు లెక్కలకు మధ్య మన ప్రాంతమున నేలమీద నూరు మీటర్లకు మించిన భేదము వచ్చును. ప్రజలకొరకు ముద్రించు పటములకు 2005 నాటి విధానముతో సర్వేశాఖవారు క్రొత్త లెక్క నవలంబించినారు. కాని అడవి సరిహద్దులను పాత పటములనుండి ఎత్తి కంప్యూటరులోనికి దింపునపుడు ఈ భేదమును దిద్దనియెడల, సరిహద్దు రేఖ యావత్తు ఒక ఫర్లాంగు మేర జరిగి, పట్టాభూమి అడవిలోనికిని అడవి పట్టాభూమిలోనికిని పోయినట్లు కనబడును. రెవెన్యూ, అటవీశాఖల మధ్య హద్దు తగవులున్న తావులందు, పటము ఏ లెక్కమీద గీచినది యని రైతు అడుగవలసిన మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని పటమును సాక్ష్యముగా నంగీకరింపరాదు.

పోడు విషయమున చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న అడవిభూమిపై, 4 హెక్టార్లకు మించకుండ, ఆదివాసులకును తరతరములుగా అడవి నాశ్రయించిన ఇతరులకును హక్కు గలదు. తెలంగాణలో 2023 జూన్ 30న ఆరంభించి నాలుగు లక్షల ఎకరములకు పైబడి పట్టాలు పంచిరి. అందు మన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా భాగము పెద్దది. ఆ పట్టాలకు ముందు జరిగిన సర్వేలో చేలచుట్టు తిరిగి చుక్కలు నొక్కిరి. కాని అట్టి సాధనముల స్థానమేదో నిబంధనలలోనే వ్రాసియున్నది. 2012లో సవరించిన నిబంధనలయందు ఉపగ్రహచిత్రములు మొదలగు సాధనములు ఇతర సాక్ష్యములకు తోడుగా వాడవచ్చునే గాని వానికి మారుగా వాడరాదని స్పష్టముగా నున్నది. పెద్దల వాఙ్మూలము, పాత సమాధులు, బావులు, గెట్లు, చెట్లు సాక్ష్యమే. పైగా చట్టములోని పట్టా నమూనాలో భూమి హద్దులను ప్రసిద్ధమైన గుర్తులతో వర్ణింపవలెనని గలదు. అనగా చింతచెట్టును వాగును చట్టము త్రోసివేయలేదు. పట్టాలో అంకెలును ఉండవలెను, చింతచెట్టును ఉండవలెను. రెంటిలో నొకటే యున్న పట్టా కుంటి పట్టా.

ఇంకొకటి. అటవీపటములను, రెవెన్యూ పటములను గ్రామసభకు సమకూర్చు బాధ్యతను నిబంధనలు సబ్‌డివిజను సమితిపై నుంచినవి. గ్రామసభ తీర్మానముతో కష్టము గలిగినవారు 60 దినములలో సబ్‌డివిజను సమితికిని, దాని నిర్ణయముతో కష్టము గలిగినవారు మరల 60 దినములలో జిల్లా సమితికిని విన్నవించుకొనవచ్చును. చుక్కలు తప్పుపడినవని తెలిసికొనుటకే అరువది దినములు కడచిపోయినచో ఈ హక్కు వ్యర్థము. అందుచేతనే, సర్వే జరిగిన నాడే చుక్కల జాబితాను రైతుచేతి కిచ్చి, చదివి వినిపించి, పొరుగువారి సంతకములు తీసికొనవలెనని మేము కోరుచున్నాము. రైతు లేని వేళ అతని చేనులో నొక్కిన చుక్క ఎవరి సాక్ష్యమని అడుగవలసియుండును?

ఇక గనుల సంగతి. 1871లో ఇల్లెందు ప్రాంతమున కింగు దొర బొగ్గు కనుగొనినది మొదలు, 1920 డిసెంబరులో సింగరేణి కంపెనీ ఏర్పడినది మొదలు, మన భూముల క్రింది సంపదకును పై సంపదకును పొత్తును పోరును కలిసియే సాగుచున్నవి. భూగర్భగనుల కాలమున రైతు చేను చాలవరకు చేనుగానే యుండెడిది. ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చిన తరువాత బొగ్గు తీయుటకు మీది నేల యావత్తు తీయవలసియున్నది. కావున గని సరిహద్దు ఎక్కడ నాగునను ప్రశ్న రైతునకు జీవన్మరణ ప్రశ్న. క్రొత్త గనికి గాని పాతదాని విస్తరణకు గాని పర్యావరణానుమతి కోరునపుడు, 2006 సెప్టెంబరు నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి నివేదిక తయారుచేసి, దాని సంగ్రహమును తెలుగులోను ప్రకటించి, 30 దినములకు తక్కువగాని గడువు ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. అట్టి నివేదికలలో గని సరిహద్దు మూలలను అక్షాంశ రేఖాంశములతో ఇచ్చుట పరిపాటి.

ఆ జాబితాను తీసికొని వరుసగా పటముమీద నుంచి, మన చేల చుక్కలను దానిమీదనే ఉంచి చూచిన యెడల ఎవరి చేను గీతలోపల, ఎవరిది వెలుపల, ఎవరి బావి గీతకు నూరు గజములలో నున్నది, ఊరి బాట ఎక్కడ తెగును అన్నియు ఒక్క పూటలో తెలియును. ఈ పని చేసికొనని ఊరు సభకు పోయి, మా భూములు పోవునని కేకలు వేయును. అధికారులు, పరిశీలింతుమని చెప్పి ముగింతురు. ఈ పని చేసికొనిన ఊరు, ఫలాని మూలనుండి ఫలాని మూలకు గీచిన గీత మా చెరువు అలుగును కోయుచున్నది, జవాబేమి అని అడుగును. రెండవదానికి వ్రాతమూలకముగా జవాబు చెప్పక తప్పదు. గనులు వలదని మేమనుట లేదు. మన కుటుంబములలో గని జీతముమీద బ్రతుకునవియు పెక్కు లున్నవి. భూసేకరణకు 2013 నాటి చట్టము క్రింద తొలి ప్రకటన వెలువడిన పిదప అభ్యంతరములకు 60 దినముల గడువున్నది. ఆ గడువులో రైతు చేతిలో తన పటము సిద్ధముగా నుండుటయే మేము కోరునది.

పొరుగు రాష్ట్రమున జరిగినదానినుండి నేర్చుకొనదగిన పాఠమొకటి గలదు. ఆంధ్రప్రదేశములో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట వద్ద తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే ఆరంభించిరి. డ్రోనులు, స్థావరములు, రోవరులు అన్నియు వాడిరి. యంత్రములు మంచివే. అయినను విస్తీర్ణము తగ్గినదని, ఇరువురు ముగ్గురి భూములు కలిపి ఒకే నంబరు కింద చూపిరని, కొలుచునపుడు తమ్ము పిలువలేదని రైతులు మొరపెట్టుకొనిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప గ్రామసభలు జరిపి ఆ ఫిర్యాదులను స్వీకరింపవలసివచ్చినది. అంగుళము మేర తప్పని యంత్రమైనను గెట్టెక్కడో దానికి తెలియదు. మనుష్యుడు చూపిన చోటునే అది కొలుచును. చూపినవాడు గెట్టెరిగినవాడు కానిచో అంగుళము తప్పక తప్పుడు గెట్టును వ్రాయును.

ఇప్పుడు మన రాష్ట్రమున 2025 ఏప్రిలు 14న భూభారతి అమలునకు వచ్చినది. క్రయవిక్రయములకు సర్వే పటమును జతపరచు ఏర్పాటు, భూమికి భూధార్ అను సంఖ్య ఇచ్చు ఏర్పాటు ఆ చట్టములో నున్నవి. లైసెన్సు గల సర్వేయరులకు శిక్షణ యిచ్చుట ఆరంభించిరి. నక్షాలే లేని నాలుగు వందలకు పైబడిన గ్రామములలో అయిదింటిని ఎన్నుకొని 2025లో ప్రయోగముగా రీసర్వే జరిపిరి. ఖమ్మము జిల్లా ములుగుమాడ అందులోనిది. కావున ఈ పని మన ఊరికిని రాక తప్పదు. వచ్చు సర్వేయరు చేతిలో యంత్రముండును. మన చేతిలో నేమున్నది యనునదే ప్రశ్న.

ఇందుకు కొందరు పెద్దలు చెప్పు అభ్యంతరము తీసివేయదగినది కాదు. నిద్రించు తగవులను లేపనేల, ముప్పది యేండ్లుగా గెట్టుమీద అన్నదమ్ములు కలిసి తిరుగుచున్నారు, అంకెలు వచ్చినచో రెండు మూరలకై కోర్టు కెక్కుదురు అని వారందురు. ఇందులో సత్యము కొంత గలదు. కాని రైతులు కొలువకున్నంత మాత్రాన కొలత ఆగదు, మరియొకరు కొలుతురు. తగవు లేచునదే యైనచో, తండ్రులు బ్రతికియుండి గెట్టు చూపగల దినములలో, ఊరి పెద్దలయెదుట లేచి తీరుట మేలు. ఇరువురు పొరుగువారు ఒక్క రాతివద్ద నిలిచి, ఇదే మన గెట్టు అని చెప్పిన తరువాతనే ఆ రాతి అంకెను వ్రాయవలెను. ఒప్పుదల లేనిచోట అంకె వ్రాయక, ఇచ్చట తగవున్నది అని వ్రాయవలెను. అట్లు వ్రాయుట అవమానము కాదు. లేని ఒప్పుదలను ఉన్నట్లు చూపు పటముకంటె అది వేయిరెట్లు మేలు.

మరియొక అభ్యంతరము యువకులనుండి వచ్చుచున్నది. అందరి చేల అంకెలు ఒక్కచోట చేరినచో దళారులచేతికి పోవునని వారి శంక. ఇది మరింత తగిన శంక. ఏ చేను క్రొత్త రోడ్డునకు దగ్గరయో, ఏది గని సరిహద్దు నానుకొని యున్నదో ముందుగా తెలిసినవాడు రైతునకంటె ముందే బేరమాడును. ఏజెన్సీ ప్రాంతమున 1970 నాటి 1వ రెగ్యులేషను ఆదివాసుల భూమిని ఆదివాసేతరులకు బదిలీ కాకుండ నిషేధించుచున్నను బేనామీ బేరముల కథలు మనమెరుగనివి కావు. కాబట్టి సంఘపు పుస్తకములోని అంకెలు ఆ రైతునకు, అతడు వ్రాసియిచ్చినవారికి తప్ప మరెవరికిని చూపరాదని సర్వసభ్యసమావేశములో తీర్మానము చేసికొనవలెను. కంప్యూటరులోని ప్రతితోపాటు కాగితముమీద సిరాతో వ్రాసిన ప్రతియు నుండవలెను. ఫోను పగిలినను, ఉద్యోగి బదిలీయైనను అది నిలుచును.

వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణకై కేంద్రప్రభుత్వము 2022లో 63,000 సంఘములకు పథకము వేసినది. కంప్యూటరు అప్పుల ఖాతాలు చూచుకొనుటకు మాత్రమే యని మన మనుకొననక్కరలేదు. ఎరువుల గోదాముకును ధాన్యపు కాంటాకును సంఘము ఖర్చుపెట్టగలిగినపుడు, సభ్యుని పెట్టుబడికంతకును మూలమైన భూమి హద్దుకు కొంత ఖర్చుపెట్టుట అధికము కాదు. మేము సూచించున దిది. సంఘము తరపున చదువుకొనిన ఇరువురు యువకులకు, అందొకరు స్త్రీయైన మేలు, సర్వేవారివద్ద శిక్షణ యిప్పింపవలెను. అటవీహక్కు పట్టాలలో భార్యాభర్తల పేర్లు రెండును ఉండవలెనని చట్టము. కొలతకు పిలుపు భర్తకు మాత్రమే పోవుచున్నది. మొదటి యేడు చేతిఫోనుతో ఊరి చేలన్నిటికి చిత్తు పటము తయారుచేసి, తగవున్న గెట్లకు మాత్రము రెండవయేడు రోవరు నద్దెకు తెచ్చి కొలిపింపవలెను. ఇట్లు చేసినచో ఖర్చు నాలుగవవంతుకు దిగునని మా అంచనా. సంఘపు చిత్తు పటము సర్కారీ సర్వేకు మారుకాదు, కాజాలదు; సర్కారీ సర్వేయరు వచ్చిననాడు రైతు ఎదుట పరచి, మీది ఇట్లున్నది, మాది ఇట్లున్నది, భేదమేలవచ్చినదని అడుగుటకు మాత్రమే.

పుస్తకములో ఒక్కొక్క మూలకు ఒక్కొక్క వరుస చాలును: రైతు పేరు, సర్వే నంబరు లేక పోడుపట్టా సంఖ్య, మూల యేదిక్కుది, అక్షాంశము, రేఖాంశము, ఫోను చూపిన తప్పు ఎన్ని మీటర్లు, తేది, వేళ, నిలిచిన గుర్తు రాయియా చెట్టా వాగొడ్డా, పొరుగువారి సంతకములు. చెరువు అలుగు, కాలువ తూము, ఊరబావి, శ్మశానము, బండ్లబాట మొదలగు పదుగురి సొత్తులకును వేరుగా కొన్ని పుటలు కేటాయింపవలెను. ఎవరి చేనును కానందున ఎవరును కొలువక, మొట్టమొదట మాయమగునవి అవియే.

కాలము విషయమున ఒక మాట. వానకాలపు పైరు నిలిచియున్నపుడు గెట్లు కనబడవు, ఆకు దట్టమైనపుడు సంకేతములు దిగవు. పత్తి తీత ముగిసి, టేకు ఆకు రాలియున్న ఫాల్గుణ చైత్రములలో ఉదయపుపూట కొలుచుట తగును. వచ్చు సర్వసభ్యసమావేశములో తీర్మానమైనచో ఈ వేసవిలోనే వాగొడ్డు చేలతో మొదలిడవచ్చును. మృగశిర వానలకు వాగు పొర్లినచో ఆ ఒడ్డు గుర్తులు మరుసటి యేటికి మిగులవు.